తెలుపు లేని చిత్రం

గోడమీంచి దూకిన రెండు పులులు వెంటపడుతూ ఉండగా ఇందుకేతుడూ, అతని వెనకాలే రొప్పుకుంటూ కుంభయ్యా వర్ణగిరి కోటమెట్లు పరుగున ఎక్కుతున్నారు. అవి అడవిలో పుట్టిన పులులు కావు. కోటగోడ మీద ఎవరో వేసిన బొమ్మలు. బొమ్మపులి ఏం చేస్తుందిలే అని కుంభయ్య ఒక్కక్షణం ఆగి దాన్ని వెక్కిరించాడు. అది పంజా విసిరింది. అతని తలపాగా ఎగిరి గోడకు తగిలి, అక్కడే బొమ్మయిపోయింది.

"ఓరి నాయనో! తలపాగా పోతే పోయింది, తల మిగిలింది!" అంటూ కుంభయ్య మళ్ళీ పరుగు లంకించుకున్నాడు.

ఇందుకేతుడు నడుముకు కట్టుకున్న నీళ్ళతిత్తి విప్పి, చటుక్కున వెనక్కి తిరిగి, పులుల ముఖాన నీళ్ళు కుమ్మరించాడు. అంతే! గాండ్రింపు గొంతులోనే ఆగిపోయి, అవి పసుపూ నలుపూ ధారలుగా మెట్లమీంచి కారిపోయాయి. ఒక తోక మాత్రం కాసేపు టపటపా కొట్టుకుని, చివరికి అదీ కరిగింది.

నాగకేసరపుర యువరాజు ఇంత దూరం వచ్చి, భుజాన గాజుల మలారం వేసుకుని, గాజులసెట్టి వేషంలో ఇలా పరుగులు పెట్టడానికి కారణం అతని అక్క కనకలేఖ. పెళ్ళి కుదిరాక కులదేవతకు మొక్కు చెల్లించి తిరిగి వస్తూ, వర్ణగిరిలో అద్భుతమైన చిత్రం ఒకటుందని విని, ఒక్కసారి చూసి వస్తానని ఆమె పల్లకీ దిగింది. దిగిన మనిషి మళ్ళీ ఎక్కలేదు. బోయీలు కాచుకుని కాచుకుని, ఖాళీ పల్లకీ మోసుకుని ఏడుస్తూ వచ్చారు. ఆ కోట రంగభట్టు అనే మాంత్రికుడిదని వాళ్ళ నోటే తెలిసింది. తల్లి లేని ఇందుకేతుణ్ణి చంకనెత్తుకుని పెంచింది ఆ అక్కే. ఆమె లేకుండా ఇంటి గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని అతడు బయలుదేరాడు. వెంట వచ్చిన కుంభయ్య వంటశాలలో ఎక్కువకాలం, వ్యాయామశాలలో తక్కువకాలం గడిపిన వస్తాదు. ధైర్యానికి లోటు లేదు, ఆకలికి అంతకన్నా లేదు.

మెట్లు ముగిసినచోట చిత్రశాల. లోపల అడుగుపెట్టగానే ఇద్దరూ ఠక్కున ఆగిపోయారు.

పడమటి గవాక్షంలోంచి సాయంకాలపు ఎండ ఏటవాలుగా వచ్చి ఎదుటి గోడనంతా వెలిగిస్తోంది. ఆ గోడ నిండా ఒకే ఒక చిత్రం. విశాలమైన మండువా లోగిలి, దానికి మామిడాకుల తోరణాలు. వరసగా పరిచిన ఈతచాపలు, చాపల ముందు అరిటాకులు, ఆకుల ముందు జనం. చిలకపచ్చ రవికలు, నెమలికంఠపు చీరలు, మంకెనపూల వంటి ఎర్రని అంచులు, పసుపు పంచెలు, వంగపండు రంగు తలపాగాలు. ఒకామె నవ్వు ఆపుకోలేక పక్కామె భుజం మీద వాలిపోయింది. ఒక పెద్దమనిషి చారులో మునగకుండా మీసాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు. కడుపు నిండిన పసిపిల్ల ఒకతె తల్లి ఒళ్ళోకి ఒరిగి నిద్రలోకి జారుతోంది. ఆ రంగులను చూస్తూ ఉంటే ఇంగువ తాలింపు వాసన ముక్కుకు తగిలినట్టూ, మాటల సందడి ఎక్కడో లీలగా వినిపించినట్టూ ఉంది. కలలో చుట్టాలింటికి వెళ్ళినప్పుడు ఎవరూ పరిచయం లేకపోయినా అందరూ మనవాళ్ళే అనిపిస్తుంది చూడండి, అలా ఉంది.

చిత్రం నడుమన, ఆ గోడకే వీపు ఆనించి ఒక ముసలివాడు కూర్చుని ఉన్నాడు. ఒళ్ళంతా రంగుల మరకలు. గడ్డం మాత్రం ఏకిన దూదిలా తెల్లగా ఒళ్ళోకి జారింది. చేతిలో కుంచె. మాంత్రికుడు రంగభట్టు అంటే కోరలూ కపాలాలూ ఉంటాయనుకున్న కుంభయ్యకు కాస్త నిరుత్సాహం కలిగింది.

"రండి, రండి. నా పులులను కడిగేసి వచ్చారంటే పనిమంతులే" అన్నాడు రంగభట్టు. "వేషం బాగుంది నాయనా. కానీ అది గాజులు తొడిగే చెయ్యి కాదు, కత్తి పట్టిన చెయ్యి."

ఇందుకేతుడు మలారం కింద పడేసి కత్తి దూశాడు. "మా అక్క ఎక్కడ?"

"చూసుకో, ఎదురుగానే ఉంది. వంటింటి గుమ్మం దగ్గర."

ఇందుకేతుడు చూశాడు. వంటింటి గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. ఆమె పక్కన, దానిమ్మపువ్వు రంగు చీర నడుముకు దోపుకుని, చేత గరిటెతో కనకలేఖ! పల్లకీ ఎక్కిన రోజు కట్టుకున్న చీరే అది. అక్క ముఖం చూడగానే అతనికి కళ్ళు చెమ్మగిల్లాయి.

"కత్తి తగిలితే గోడ పెచ్చులూడుతుంది, ఆమెతో సహా. నీళ్ళు చల్లితే ఏమవుతుందో మెట్లమీద చూశావు" అన్నాడు రంగభట్టు శాంతంగా. "ఇక్కడ ఒకటే పద్ధతి. ఆ లోగిట్లో ఏం జరుగుతోందో చెప్పాలి. సరిగ్గా చెబితే నువ్వు కోరిన ఒక మనిషిని తీసుకుపోవచ్చు. తప్పు చెబితే నువ్వూ ఆ పంక్తిలో ఒక ఆకు ముందు కూర్చుంటావు. ఎండ ఆ గోడమీద ఉన్నంతసేపే గడువు. వెలుగు తప్పుకుందంటే దారి మూసుకున్నట్టే, ఇక ఎప్పటికీ తెరుచుకోదు."

"ఓస్, ఇదా!" అన్నాడు కుంభయ్య, ఆకుల మీదినుంచి చూపు తిప్పకుండానే. "ఇందులో చెప్పడానికేముంది సామీ, పెళ్ళి భోజనాలు! తోరణాలు కట్టారు, ఆ మూల సారె సామాను కూడా..."

"ఆగు!" అని ఇందుకేతుడు అరిచేలోపే పక్కన మనిషి లేడు. పంక్తి చివర కొత్తగా ఒక ఆకు, దాని ముందు బోడితలతో, అరమోడ్పు కళ్ళతో, ముద్ద కలుపుతున్న కుంభయ్య. ముఖంలో విచారం లేశమైనా లేదు.

"అందరూ అదే మాట అంటారు" అన్నాడు రంగభట్టు. "మీ అక్క కూడా అంతే. పెళ్ళికూతురు కదా, ఎటు చూసినా పెళ్ళే కనిపించింది."

ఇందుకేతుడు కత్తి ఒరలో పెట్టి, చిత్రం ఎదుట నిలబడ్డాడు. ఎండ అప్పుడే ఎడమ అంచునున్న తులసికోటను వదిలి ఇవతలికి జరిగింది. తొందరపడితే తానూ ముద్ద కలుపుతూ కూర్చోవలసిందే. అందుకని బొమ్మను బొమ్మలా కాక, ఆ ఇంటికి భోజనానికి పిలిస్తే వెళ్ళినవాడిలా చూడటం మొదలుపెట్టాడు. ఎవరెలా ఉన్నారు? ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు? ఎవరు మాట్లాడటం లేదు?

అలా చూడగా చూడగా బొమ్మ నెమ్మదిగా అతనికి చనువిచ్చింది.

పెళ్ళయితే పెళ్ళికూతురేదీ? నుదుట బాసికం కట్టిన మనిషి ఒక్కరూ లేరు. ఉయ్యాల లేదు కనుక బారసాల కాదు. అందరి తలల్లో పూలున్నాయి కనుక అశుభమూ కాదు. మూలనున్న సామాను వైపు చూశాడు. బిందెలు, గంగాళాలు, పళ్ళేలు. సారె అయితే ఒకచోట పేర్చాలి. ఇవి మూడు కుప్పలుగా ఉన్నాయి. ధాన్యం కూడా మూడు రాశులు. పెరటివైపు మూడు కొత్త పొయ్యిలు. అలికి పసుపుతో ముగ్గులు వేశారు గానీ ఒక్కదానికీ మసి అంటలేదు. ఏ కుప్పలోనూ చేరకుండా తిరగలి ఒక్కటే మధ్యలో ఉంది. ఇద్దరు కోడళ్ళు నవ్వుతూనే చెరో చెయ్యీ దాని మీద వేసి ఉంచారు.

ఇందుకేతుడికి తన ఇల్లు గుర్తొచ్చింది. అతని బాబాయిలు అంతఃపురాలు పంచుకున్న రోజున కూడా అందరూ ఇలాగే, అవసరానికి మించి నవ్వారు.

"ఇది పెళ్ళి కాదు" అన్నాడు. "అన్నదమ్ములు వేరుపడే రోజు. ఒక్క పొయ్యి మీద వండిన ఆఖరి భోజనం. చేతులు కడుక్కున్నాక ఎవరి సామాను వారు ఎత్తుకుంటారు."

రంగభట్టు చేతిలోని కుంచె కదలడం మానేసింది. "ఇంకా?"

"అందరూ నవ్వుతున్నారు. కానీ పంక్తి మొదట కూర్చున్న ఆ ఇంటి పెద్దాయన నవ్వడం లేదు. గుమ్మంలో నిలబడ్డ పెద్దావిడను చూస్తున్నాడు. ఆమె ఆయన్ను చూస్తోంది. పంపకాల్లో తండ్రి ఒక కొడుకు వాటా, తల్లి ఒక కొడుకు వాటా. అవునా?"

ముసలివాడు తల ఊపాడు. ఇందుకేతుడికి మాత్రం ఇంకేదో వెలితిగా ఉంది. ఆకులన్నీ దాదాపు ఖాళీ. పప్పు అయింది, పులుసు అయింది, చారు అయింది. అయినా ఎవరూ లేవడం లేదు. దేనికోసం? ఎడమచేతులు నేలకు ఆన్చి, చూపులు వంటింటివైపు పెట్టి, అందరూ కాచుకుని ఉన్నారు. అప్పుడు తట్టింది. ముగ్గులు పసుపు. అన్నం పులిహోర రంగు. ముసలివాళ్ళ జుట్టు నీలం. కళ్ళలోని తెల్లగుడ్డు సైతం లేతపసుపు. ఇన్ని రంగులు పొంగి పొర్లే గోడమీద తెలుపు చుక్కంతైనా లేదు!

"మజ్జిగ రాలేదు!" అని అరిచాడు. "మజ్జిగ పడనిదే భోజనం ముగియదు. భోజనం ముగియనిదే పంక్తి లేవదు. పంక్తి లేవనిదే ఇల్లు విడిపోదు. ఈ బొమ్మ వేసినవాడు తెలుపు కావాలనే వెయ్యలేదు. ఇది విందు కాదు, ముగియనివ్వకుండా ఆపిన భోజనం!"

 రంగభట్టు కుంచె కింద పెట్టాడు.

"ఇంతమంది వచ్చారు, ఎవరూ ఇంత దగ్గరకు రాలేదు" అన్నాడు. "నువ్వు గెలిచావు. పిలుచుకో మీ అక్కను."

"అక్కా!" అని పిలిచాడు ఇందుకేతుడు. కనకలేఖ తల తిప్పింది. నవ్వింది, ఎవరో బాటసారిని చూసి నవ్వినట్టు. కదల్లేదు.

"పంక్తి లేవకుండా వడ్డించే మనిషి గుమ్మం దాటుతుందా? తీసుకుపోవచ్చన్నాను గానీ, వస్తుందని అన్నానా?" అన్నాడు రంగభట్టు. ఆ మాటలో ఎగతాళి లేదు, బడలిక ఉంది.

ఎండ లోగిలి సగం దాటింది. ఇందుకేతుడు ఇక ఆలోచించలేదు. చిత్రంలో వీధిగుమ్మం పక్కన కాళ్ళు కడుక్కోవడానికి రాగిబిందె, చెంబు ఉన్నాయి. చెయ్యి చాచాడు. చెంబు చల్లగా చేతికి తగిలింది. నీళ్ళు పాదాల మీద పడ్డాయి. మరుక్షణం అతని కాలి కింద రాతిబండ పోయి, అలికిన మట్టినేల వచ్చింది.

లోపల ఎంత సందడి! ఎంత వాసన! ఒంటిమీది బట్టలు వాటంతటవే నారింజరంగు తేలాయి. రంగులన్నీ పొద్దుటి ఎండలో మంచులా మెత్తగా కదులుతున్నాయి. మనుషులు మాట్లాడితే మాటల అంచులు కూడా రంగుల్లో మెరుస్తున్నట్టున్నాయి. ఒక్క క్షణం అతనికి ఎందుకు వచ్చాడో మరుపు వచ్చింది.

"ఇంతాలస్యమేంటి నాయనా, రా రా, కూకో. అమ్మాయ్, ఆకెయ్యి!" అంది పెద్దావిడ.

కనకలేఖ ఆకు తెచ్చింది. ఆమె చేతి గాజుల చప్పుడుకు అతని మరుపు వదిలింది. కూర్చుంటే లేవలేడు. "నేను తినడానికి రాలేదమ్మా. మజ్జిగ ఏదీ?" అన్నాడు గట్టిగా.

నవ్వులు ఆగిపోయాయి. తలలన్నీ అతనివైపు తిరిగాయి. పెద్దావిడ చంకలోని కుండ వంచి చూపించింది. ఖాళీ.

"ఎట్టా పొయ్యను నాయనా? మా చిన్నోడు ముద్ద నోట్లో పెట్టకుండానే అలిగి లేచిపోయాడు. ఆడు రాకుండా మజ్జిగెట్టా పోస్తాను? పంక్తి మధ్యలో లేచిన ఆకు అట్టాగే ఉంది సూడు."

ఇందుకేతుడు చూశాడు. పంక్తి నడుమ, ఒక ఆకు ముందు, మనిషి ఆకారంలో ఖాళీ. ఆ ఖాళీలో రంగు లేదు. పాలలాంటి తెల్లని గోడ! బయటినుంచి అది ఎందుకు కనిపించలేదో అప్పుడు అర్థమైంది. ఆ తెలుపులోంచి అవతల ఒక ముసలి వీపు కనిపిస్తోంది. రంగభట్టు ఇన్నేళ్ళూ గోడకు ఆనుకుని కూర్చున్నది సరిగ్గా తన చోటుకే.

అతనికి కోపం రావలసింది. రాలేదు. జాలి వేసింది. ఖాళీలోంచి చెయ్యి చాచి ఆ భుజం తట్టాడు.

"ఏమండీ, మీ అమ్మగారు పిలుస్తున్నారు."

వీపు ఉలిక్కిపడింది. "నేను రాను. వస్తే అయిపోతుంది."

"రాకపోతే ఏమైంది? వాళ్ళు ఇక్కడ, మీరు అక్కడ. కలిసి ఉన్నది ఎక్కడ? ఒక్కపూటైనా వాళ్ళతో కూర్చుని తిన్నారా? ఊళ్ళోవాళ్ళందర్నీ పట్టి తెచ్చి పంక్తి పెంచారు గానీ, మీ ఆకు ఖాళీగానే ఉంది."

"నాన్నను అన్నయ్య తీసుకుపోతాడు" అన్నాడు ముసలివాడు, అలిగిన పిల్లవాడి గొంతుతో.

"తీసుకుపోతాడు. అది మీరూ నేనూ ఆపలేం. అన్నం చల్లారిపోతోంది, రండి."

 ఎండ పంక్తి మీదినుంచి జరిగి వంటింటి గుమ్మాన్ని తాకింది. అప్పుడు చెంబు చప్పుడైంది. వీధిగుమ్మంలో రంగభట్టు కాళ్ళు కడుక్కుంటున్నాడు. లోగిట్లో అడుగు పెడుతూ ఉండగానే అతని గడ్డం తెలుపు పొగలా విడిపోయి గాలిలో తేలింది. పంక్తిలోని ఖాళీ తెలుపు కూడా లేచి దానితో కలిసింది. ఆ రెండూ వెళ్ళి పెద్దావిడ కుండలో కురిశాయి. నల్లని జుట్టుతో, కోలముఖంతో, పాతికేళ్ళ యువకుడు తన ఆకు ముందు తలవంచుకుని కూర్చున్నాడు.

"వచ్చావురా చిన్నోడా!" అందే గానీ, ఎక్కడికి పోయావని ఆ తల్లి అడగలేదు. ముందు వాడికే అన్నం పెట్టింది. తరవాత కుండ కనకలేఖకు ఇచ్చింది.

మజ్జిగ వచ్చింది! ఆకు ఆకునా తెల్లని ధార పడింది. పడినచోటల్లా రంగులు తేటపడ్డాయి. కళ్ళలో తెలుపు వచ్చి, బొమ్మకళ్ళు మనిషికళ్ళయ్యాయి. కుంభయ్య రెండుసార్లు పోయించుకుని, దోసిలితో జుర్రి, బ్రేవుమని తేన్చాడు. ఒక్కొక్కరే ఆకులు మడిచారు. పెద్దాయనా మడిచాడు. కానీ లేవలేదు. చిన్నకొడుకు ఇంకా తింటున్నాడు.

నెమ్మదిగా తింటున్నాడు. ఒక్కొక్క మెతుకే. ఇందుకేతుడు పైకి చూశాడు. ఎండ గుమ్మం పైకమ్మీ మీద చేతివెడల్పు మాత్రమే మిగిలింది. వీడు కావాలనే సాగదీస్తున్నాడు! అయినా భోంచేసేవాణ్ణి లేవమని ఎలా అంటారు? రాకుమారుడి చెయ్యి కత్తిపిడి మీదికి పోయింది, వెనక్కి వచ్చింది.

"తొందరేం లేదురా నాయనా, మెల్లగా తిను" అంది తల్లి. ఇందుకేతుడికి ఏడుపొక్కటే తక్కువ.

కనకలేఖ కుండతో మళ్ళీ వచ్చి రంగభట్టు ముందు వంగింది. "ఇంకాస్త పొయ్యనా?"

పొయ్యమంటే మరికాసేపు అందరూ ఇక్కడే. ఎండ దాటిపోతే ఎప్పటికీ ఇక్కడే. అతడు తల ఎత్తి తండ్రిని చూశాడు, అన్నలను చూశాడు, తల్లిని చూశాడు. చివరికి ఇందుకేతుణ్ణి చూశాడు. తరవాత రెండు చేతులూ ఆకు మీద అడ్డంగా చాపాడు.

"చాలమ్మా" అన్నాడు.  "కడుపు నిండింది. చాలు."

పెద్దాయన లేచాడు. పంక్తి మొత్తం గలగలమని లేచింది.

కనకలేఖ చేతిలో కుండ జారి పగిలింది. నిద్రలేచినట్టు చుట్టూ చూసి, "ఇందూ! ఏమిట్రా ఈ గాజులసెట్టి వేషం!" అంది. అతడు ఆమె చెయ్యి పట్టుకుని, కుంభయ్య మెడ దొరకబుచ్చుకుని, వీధిగుమ్మం వైపు ఒక్కటే పరుగు. చిక్కుకున్న జనమంతా వాళ్ళ వెంటపడ్డారు. గడప మీద కాలు పెట్టేసరికి ఆఖరి ఎండ ఆరిపోయింది.

గడప అవతల చిత్రశాల లేదు. వర్ణగిరి లేదు. వచ్చిన దారి మూసుకుపోయింది. అసుర సంధ్యలో ఎర్రమట్టి బాట, దాని మీద మూడు ఎడ్లబళ్ళు. గీసినవాడే లోపలికి వచ్చేశాక బయట ఇక ఏ కోట నిలుస్తుంది?

మొదటి బండి కదిలింది. అందులో పెద్దాయన వెనక్కి తిరిగి చూస్తూ కూర్చున్నాడు. రెండోది వేరే బాట పట్టింది. దారి తెలియని జనం తలో బండి వెనకా గుంపులుగా నడక సాగించారు. మూడో బండిలో పెద్దావిడ, ఆమె పక్కన తిరగలి. పగ్గాలు పట్టుకున్నది రంగభట్టు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాగకేసరపురానికి ఇక్కణ్ణించి దారి నా ఒక్కడికే తెలుసు" అన్నాడు. "మధ్యలో కాలకూటపు అడవి దాటాలి. ఎక్కుతారా?"

"ఇంతసేపూ గోడకు అంటించినవాడి బండా! నమ్మొచ్చంటారా సామీ?" అని కుంభయ్య గొణిగాడు.

ఇందుకేతుడు కత్తిపిడి మీద చెయ్యి వేసి, ఏమంటావన్నట్టు అక్క వైపు తిరిగాడు. కనకలేఖ అప్పటికే బండెక్కి, పెద్దావిడ పక్కన సర్దుకుని, తమ్ముడికి కాస్త చోటు చేస్తోంది.